బహుపదుల డెరివేషన్లు: స్థిరాంకాలకు జనకాలు ఎన్ని?

అవకలనం నుంచి మొత్తానికి విడివిడిగా వర్తించే గుణాన్నీ లబ్ధ నియమాన్నీ తీసుకుని, సంఖ్యలను సున్నా చేయాలని షరతు పెడితే బహుపది వలయం మీద డెరివేషన్ వస్తుంది. అది సున్నా చేసే బహుపదులే దాని స్థిరాంకాలు. వాటిని కూడినా గుణించినా మళ్లీ స్థిరాంకమే వస్తుంది కనుక అవి ఒక ఉపవలయం. మరి కొన్ని స్థిరాంకాలను జనకాలుగా పెట్టుకుని మిగతావన్నీ రాబట్టగలమా? హిల్బర్ట్ 1900 నాటి జాబితాలోని పద్నాలుగో సమస్యకు ఇది దగ్గరి ప్రశ్న.

గుణకాల క్షేత్రం లాక్షణికం ఒక ప్రధాన సంఖ్య అయితే చిక్కు లేదు. ప్రతి చలరాశికీ ఆ ప్రధాన ఘాతం స్థిరాంకమే అవుతుంది, పరిమితత్వం దానంతట అదే వస్తుంది. కాబట్టి ఇక మీదట లాక్షణికం సున్నా అనుకుందాం.

మొదట్లో దొరికిన సాక్ష్యం ఆశాజనకమైనదే. అన్నీ ఒకటో ఘాతపు పదాలతో నడిచే నిల్పోటెంట్ (పదేపదే ప్రయోగిస్తే చివరికి సున్నా ఇచ్చే) డెరివేషన్లకు జనకాలు పరిమితమని వైట్సెన్‌బెక్ 1932లో చూపాడు. చలరాశులు మూడుకు మించకపోతే ఏ డెరివేషన్‌కైనా అంతేనని నాగాటా, నొవిట్స్కీ 1988లో నిరూపించారు. అయితే పద్నాలుగో సమస్యకే నాగాటా 1958లో 32 చలరాశులతో ప్రతికూల ఉదాహరణ ఇచ్చి ఉన్నాడు. 1999లో డేగ్ల్, ఫ్రాయిడెన్‌బర్గ్ ఐదు చలరాశులకే దిగివచ్చారు. వాళ్ల ఉదాహరణ చేతితో పరీక్షించదగినది.

చలరాశులు క, చ, ట, త, ప. డెరివేషన్ డి అనుకుందాం. డి(క) = 0, డి(చ) = క³, డి(ట) = చ, డి(త) = ట, డి(ప) = క². ఇప్పుడు క·ప − చ స్థిరాంకం, ఎందుకంటే క·క² − క³ సున్నా. క·ప² − 2చ·ప + 2క²·ట కూడా అంతే. మూడోది క·ప³ − 3చ·ప² + 6క²·ట·ప − 6క⁴·త. నాలుగో ఘాతానికి వచ్చేసరికి డి ప్రయోగిస్తే త ఇచ్చే చలరాశి లేదు. అక్కడ చేతి లెక్క ఆగిపోతుంది, సిద్ధాంతం కావాలి. క·పⁿ తో మొదలై, తర్వాతి పదాల్లో ప ఘాతం తగ్గే స్థిరాంకం ప్రతి n కీ ఉందని నిరూపణ ఉంది.

అనంతం ఎక్కడ పుడుతుందో చూడండి. ప లేని బహుపది మీద డి ప్రయోగిస్తే వచ్చే ప్రతి పదంలోనూ క³ గానీ, చ గానీ, ట గానీ ఉంటుంది. ఒంటరి క² ఎన్నడూ రాదు. అందువల్ల ఏ స్థిరాంకంలోనూ ఒంటరి పⁿ పదం ఉండదు. సంఖ్యా పదాన్ని తీసేసిన జనకాల్లో రెండిటిని గుణించి క·పⁿ ను పుట్టించాలంటే ఒకదానిలో ప యొక్క ఏదో ఒక ఒంటరి ఘాతం ఉండి తీరాలి. కాబట్టి ప్రతి క·పⁿ పదమూ ఏదో ఒక జనకంలోనే నేరుగా కనిపించాలి. n కి హద్దు లేదు కనుక పరిమిత జనకాలు చాలవు.

ఇక మిగిలింది నాలుగు చలరాశులు. త్రిభుజాకార డెరివేషన్లకు, అంటే ప్రతి చలరాశినీ దాని ముందున్న వాటి బహుపదిగా మార్చేవాటికి, జనకాలు పరిమితమేనని డేగ్ల్, ఫ్రాయిడెన్‌బర్గ్ 2001లో చూపారు. కానీ ఎన్ని జనకాలు కావాలో చెప్పే ఉమ్మడి హద్దు లేదని కూడా అదే వ్యాసంలో ఉంది. ఈ రెండో ఫలితాన్ని చూశాక, త్రిభుజాకారం కాని నాలుగు చలరాశుల లోకల్లీ నిల్పోటెంట్ (ప్రతి బహుపదినీ ఎన్నోసార్లు ప్రయోగించాకైనా సున్నా చేసే) డెరివేషన్లన్నిటికీ పరిమితత్వం ఉంటుందని ముందుగా ఊహించడానికి తగిన ఆధారం నాకు కనిపించడం లేదు.