ఖాస్రా పహాణీలో మా తాత

మా తాత సొంతూరు ఏదో మాకు సరిగ్గా తెలియదు. "జనగామ దిక్కు" అనేది నాయనమ్మ, అంతే. తాత పోయాక ఆమె పిల్లల్ని తీసుకుని మానుకోటలోని పుట్టింటికి చేరింది. (మహబూబాబాద్ అని బోర్డులే అంటాయి, మా ఇంట్లో ఇప్పటికీ మానుకోటే.) చిన్నతాత భూపాలపల్లి వైపు పోయాడు. "అన్న భూమి అమ్ముకుని నా పాలు ఎగ్గొట్టిండు" అన్న మాట ఆ ఇంటివాళ్ళు నలభై ఏళ్ళు మోశారు. రెండిళ్ళ మధ్య పెళ్ళి పత్రికలు కూడా ఆగిపోయాయి.

ఊరి పేరు బాపు చదివిన బడిలో దొరికింది. అడ్మిషన్ రిజిస్టరులో పుట్టినతేదీ జూలై 1, ఆ కాలం పిల్లల్లో సగం మందికి అదే! కానీ స్వగ్రామం గడిలో ఊరి పేరు స్పష్టంగా రాసి ఉంది.

ఇలా వెతికేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. మనకిప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాలు. నిజాం కాలంలో జనగామ నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా, వరంగల్‌లో తర్వాత కలిసింది. కాబట్టి పాత కాగితాన్ని నల్లగొండ పేరు మీద కూడా అడగాలి. ఏడాది ఫసలీలో ఉంటే 590 కలుపుకోవాలి.

మాకు అక్కరకొచ్చింది 1954-55 ఖాస్రా పహాణీ. తెలంగాణలో భూమి తగాదా ఏదైనా చివరికి దాని దగ్గరికే వస్తుంది. సర్వే నంబరు, పట్టాదారు, సాగు చేసేవాడు, ఎకరాలు, గుంటలు అన్నీ వేరువేరు గడుల్లో ఉంటాయి. మాకిచ్చిన నకలు ఉర్దూలో ఉంది. మా వీధిలోని రిటైరైన ఉర్దూ సారు చదివి పెట్టారు. ఫలానా వల్ద్ ఫలానా, అంటే ఫలానావాడి కొడుకు. ఆ ఒక్క మాటతో ముత్తాత పేరు తెలిసింది. నాయనమ్మ పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

తాత పేరు పట్టాదారు గడిలో లేదు. అక్కడ ఉన్నది దొర పేరు. తాత సాగు గడిలో ఉన్నాడు, కౌలుదారుగా.

అది 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తాలూకా. ఆ పోరాటం సాగుతుండగానే 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారుగా నమోదైనవాణ్ణి ఊరికే వెళ్ళగొట్టడానికి వీల్లేదు. ఆ రిజిస్టరు కూడా తీయించి చూశాం. తాత పేరు లేదు. తర్వాతి పహాణీల్లో సాగు గడిలోనూ లేదు. అమ్మడానికి ఆయన చేతిలో భూమే లేదన్నమాట.

బాపు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"గీ భూమి కోసమేనా మా చిన్నాయన మాతోని మాట్లాడకుండ పోయింది?" అన్నాడు. కాసేపాగి, "ఇంకో జిరాక్స్ తియ్యి బిడ్డా" అన్నాడు.

సారు చెప్పిన అర్థాన్ని కింద తెలుగులో రాసి, ఆ జిరాక్స్‌ను భూపాలపల్లికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. పది రోజులకు చిన్నతాత కొడుకు ఫోన్ చేశాడు. పంపకాల ఊసే ఎత్తలేదు. "ముత్తాత పేరు ఇంకోసారి చెప్పమ్మా, రాసుకుంట" అన్నాడు.