జంట సిలిండర్లు: రెండోది ఎందుకు?

సముద్రం అడుగుకు వెళ్లేవారు వీపుకు ఒకటి కాదు, రెండు గాలి సిలిండర్లు కట్టుకోవడం మీరు సినిమాల్లో చూసే ఉంటారు. ఇవాళ కర్ణాటక తీరాన నేత్రాణి దీవి దగ్గర, పుదుచ్చేరిలో, విశాఖలో సరదాకోసం స్కూబా నేర్చుకునేవారున్నారు. రేపు మీ ఇంట్లో పిల్లవాడే "రెండు సిలిండర్లు కొననా?" అని అడగవచ్చు. జవాబు చెప్పేముందు ఆ రెండో సిలిండర్ కథ కొంచెం తెలుసుకుందాం.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సులో పెట్రోలు కరువై కార్లను గ్యాసుతో నడిపేవారు. ఇంజనుకు కావలసినంత గ్యాసే అందించే వాల్వును ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరు రూపొందించాడు. నౌకాదళ అధికారి జాక్ కూస్తో కోరికమీద, మనిషి ఊపిరి పీల్చినప్పుడే గాలి ఇచ్చేటట్లు దాన్ని మార్చాడు. 1943లో ఇద్దరూ కలిసి సిద్ధం చేసిన ఆ సాధనమే ఆక్వాలంగ్.

ఆ తొలి రోజుల్లో రెండు, మూడు సిలిండర్లను కలిపి బిగించి, అన్నిటికీ ఒకే రెగ్యులేటర్ పెట్టేవారు. ఎక్కువసేపు నీటిలో ఉండాలన్నదే ఉద్దేశం. ఆ రెగ్యులేటర్ పాడైతే ఏమిటి గతి అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు కూడా చాలామందికి ఉండేది కాదు. పీల్చడం కష్టమైనప్పుడు ఒక కడ్డీ లాగితే, దాచిపెట్టిన కాస్త గాలి విడుదలయ్యేది. ఆ కడ్డీ దేనికైనా తగులుకుని ముందే జారిందా, దాచిన గాలి కూడా తెలియకుండానే ఖర్చయిపోయేది.

1946 ఆగస్టులో కూస్తో, ఆయన మిత్రుడు ఫ్రెడెరిక్ డ్యూమా దక్షిణ ఫ్రాన్సులో వోక్లూజ్ అనే లోతైన ఊటలోకి దిగారు. లోపల మత్తు కమ్మింది. చావు తప్పి బయటపడ్డారు. కారణం తరువాత తెలిసింది. సిలిండర్లు నింపిన కంప్రెసర్ తన పొగను తానే పీల్చుకుని, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన గాలిని వాటిలోకి పంపింది. ఒకే చోట నింపిన సిలిండర్లు రెండున్నా పదున్నా విషం ఒక్కటే కదా!

రెండోదాని అసలు విలువ నేర్పినవి గుహలు. గుహలో తల పైకెత్తితే ఆకాశం ఉండదు, రాయి ఉంటుంది. ఫ్లోరిడా ఊట గుహల్లో అనేకమంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ప్రమాదాలను పరిశీలించిన షెక్ ఎక్స్‌లీ 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. దారి చూపే తాడు వదలకు, హద్దుమీరి లోతుకు పోకు, గాలిని మూడు భాగాలు చెయ్యి అన్నాడు. ఒక భాగం వెళ్లడానికి, ఒకటి రావడానికి, మూడోది ఆపద కోసం. ఆ మూడోది మీ ఒక్కరిది కాదు, మీ తోడుగా వచ్చినవాడిది కూడా.

సాధనమూ మారింది. రెండు సిలిండర్లను అడ్డగొట్టంతో కలిపి, రెండు రెగ్యులేటర్లు అమర్చారు. ఒకటి చెడితే దాని వాల్వు మూసి, రెండోదాని ద్వారా మొత్తం గాలి పీల్చుకోవచ్చు. కానీ ఆ గొట్టమే కారితే రెండూ ఖాళీ అవుతాయి. అందుకని మధ్యలో ఇంకో వాల్వు పెట్టారు. దాన్ని మూస్తే సగం గాలి దక్కుతుంది. అయితే అది మూసి ఉన్న సంగతి మరచి సిలిండర్లు నింపితే ఒకటే నిండుతుంది! ఇంగ్లండులో ఇరుకు గుహల్లో ఈదేవారు మరో దారి పట్టారు. అడ్డగొట్టం మానేసి, చెరోపక్క ఒక సిలిండర్ కట్టుకున్నారు. దేని రెగ్యులేటర్ దానిదే, దేని మీటరు దానిదే. కాకపోతే రెండూ సమంగా తగ్గేటట్లు మార్చి మార్చి పీల్చాలి.

ఇక మీ పిల్లవాడి ప్రశ్న. చిన్న లెక్క వేద్దాం. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ ఒత్తిడితో నింపితే సుమారు 2,400 లీటర్ల గాలి. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి, 30 మీటర్ల లోతులో ఒత్తిడి నాలుగింతలు కనుక 80 లీటర్లు కావాలి. అంటే చివరి బొట్టుదాకా వాడితే 30 నిమిషాలు. రెండు సిలిండర్లయితే గంట. కానీ సరదా ఈతగాళ్లు వాడే పట్టికల ప్రకారం, ఆ లోతు నుంచి దారిలో దీర్ఘంగా ఆగనక్కరలేకుండా పైకి రావాలంటే 20 నిమిషాలే గడువు. అది దాటితే రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒకటే సిలిండర్ ఉంటే గాలి తరుగుతున్నకొద్దీ అదే మనిషిని పైకి తరుముతుంది. రెండోది ఆ హెచ్చరికను తీసేస్తుంది.

పైగా స్టీలు జంట అయితే గట్టుమీద బరువు 30 కిలోలు దాటుతుంది. తలవెనక ఉన్న వాల్వులను చేత్తో వెదికి మూయగలిగేదాకా శిక్షణ కావాలి. పగడాలు, చేపలు చూసి వచ్చేవారికి చాలాసార్లు ఒక సిలిండర్, సొంత రెగ్యులేటర్ ఉన్న చిన్న అదనపు సిలిండర్, నమ్మకమైన తోడు, శుభ్రమైన గాలి చాలు.

కాబట్టి కొనేముందు మీరు అడగవలసింది ఒక్కటే. "బాబూ, రెండోది ఇంకాసేపు ఉండటానికా, క్షేమంగా తిరిగి రావడానికా?" తిరిగి రావడానికే అన్నవాడికే ఆ రెండోది అక్కరకొస్తుంది.