రోము వాకిళ్ళు

పీర్జాదిగూడలో ఉన్నవారు శంషాబాదు విమానాశ్రయమునకు బయలుదేరునప్పుడు, ఘటకేసరు వైపు పోయి ఔటర్ రింగు రోడ్డు ఎక్కుటయా, ఉప్పల్‌లో పుష్పక్ బస్సు పట్టుకొని ఎల్.బి.నగర్ మీదుగా పోవుటయా, లేక తెల్లవారుజాము విమానమే కనుక క్యాబు మాట్లాడుకొనుటయా యని తర్కించుకొందురు గాని, ఆ వాకిలి అక్కడనే యేల వెలసినదని యెవరును విచారింపరు. విచారింప నక్కరయు లేదు. అది 2008 మార్చిలో తెరచిన వాకిలి, దాని పుట్టుపూర్వోత్తరములన్నియు మన కన్నులయెదుటనే జరిగినవి. నేను కాపురముండు రోము నగరము సంగతి వేరు. ఇచ్చట విమానము దిగినవాడు ఊరిలోనికి వచ్చుటకు ఏ దారి పట్టినను, రెండువేల యేండ్ల వెనుకటి చక్రవర్తి కట్టించిన రేవు ప్రక్కనుండియో, నూరేండ్ల క్రిందటి జ్వరపు బీళ్ళమీదుగానో, ఒక నియంత మరియొక నియంతకు ఎదురేగిన స్టేషనులోనుండియో రాక తప్పదు. ఆ దారిని వివరించినచో ఇటలీ చరిత్రలో కొంత మేరకైనను మనవారికి చెప్పినట్లగునని యీ వ్యాసమునకు పూనుకొంటిని.

ఈ నగరపు ద్వారములను చూచిన కొలది నాకొక యభిప్రాయము స్థిరపడినది. రోమువారు తమ రాకపోకల సౌకర్యమునకై వాకిలి కట్టుకొనుట అరుదు; అతిథి వచ్చుచున్నాడని రూఢి యైన పిమ్మట, ముహూర్తము దగ్గరపడిన పిమ్మట, హుటాహుటిని కట్టుదురు. పెండ్లి నిశ్చయమైనగాని యింటికి వెల్లవేయని గృహస్థుని తీరు వీరిది. 1300వ సంవత్సరమునుండి జూబిలీ పేరిట యాత్రికులు తండోపతండములుగ వచ్చు క్షేత్రమగుటచే వీరికీ యలవాటు పూర్వమే కుదిరియుండును. 2022 ఆగస్టులో మన హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ గారు తెలుగువారిలో మొదటి కార్డినలుగా పదవి స్వీకరించినదియు ఈ నగరముననే. ఇచ్చటి ప్రధాన రైల్వే స్టేషను తెర్మినీ కూడ, ఎన్నో యేండ్లు సగములో నిలిచి, జూబిలీ సంవత్సరమైన 1950 ముగియ వచ్చుచుండగా డిసెంబరు 20న ప్రారంభోత్సవమునకు నోచుకొన్నది.

అయితే మొట్టమొదటి వాకిలిని కట్టించినది అతిథి కాదు, ఆకలి. రోము నడిబొడ్డునుండి సుమారు 30 కిలోమీటర్ల దూరమున, టైబరు నది సముద్రమున కలియు తావున ఫ్యూమిచీనో అను ఊరున్నది. నేటి పెద్ద విమానాశ్రయము అచ్చటనే. ప్రాచీనకాలమున లక్షలాది జనమునకు కావలసిన గోధుమలు ఈజిప్టునుండియు ఉత్తరాఫ్రికానుండియు ఓడలలో రావలసియుండగా, రోమునకు చేరువలో పెద్ద ఓడలు నిలుచుటకు మంచి రేవు లేదు. క్రీ.శ. 42లో క్లాడియస్ చక్రవర్తి ఇచ్చట రేవు త్రవ్వింపబూనెను. ఖర్చెంతయగునని యడుగగా, ఆ తలంపే మానుకొనుడని శిల్పులు చెప్పిరట, ఆయన మానలేదు. ఈజిప్టునుండి ఏకశిలాస్తంభమును మోసికొనివచ్చిన బ్రహ్మాండమైన యోడ యొకటి యుండగా, దానినే ముంచి దీపస్తంభమునకు పునాదిగా చేసిరి. ఆ శిల నేడు సెయింట్ పీటర్ గుడి ముంగిట నిలిచియున్నది. శిల్పుల మాట పూర్తిగ వ్యర్థము కాలేదు: క్రీ.శ. 62లో వచ్చిన తుపానులో రేవులోపలనే యున్న యోడలు సుమారు రెండువందలు నాశనమయ్యెను. అప్పుడు గాని లోతట్టున మరియొక రేవు కావలయునని తోపలేదు. దానిని రెండవ శతాబ్దపు తొలినాళ్ళలో ట్రాజన్ చక్రవర్తి త్రవ్వించెను. ఆరు సమభుజముల చెరువది, ఒక్కొక్క భుజము మూడువందల యేబది మీటర్లకు పైమాట. విమానము దిగునప్పుడు కిటికీ ప్రక్క కూర్చున్నవారి యదృష్టము బాగున్నచో, చెట్లనడుమ స్కేలు పెట్టి గీచినట్టున్న ఆ నీటి పలక కనబడును.

ఆ రోజులలో మన దేశపు మిరియములకు రోములో గిరాకి మెండు. మన నల్లగొండ జిల్లాలో పొలములు దున్నువారికి రోమను నాణెముల బిందెలు దొరకినవన్న సంగతి మీరెరిగినదే. వరంగల్ రహదారి ప్రక్కన పుట్టిన నాకు, ఈ షడ్భుజి తటాకమును చూచినప్పుడెల్ల ఆ నాణెములు గుర్తుకు వచ్చుట సహజము.

సముద్రము వెనుకకు జరిగెను, రేవు పూడెను, సామ్రాజ్యము పోయెను. కాలువలను బాగుచేయువారు లేక పల్లపు నేలలన్నియు బురదమడుగులై, వానితోపాటు చలిజ్వరము స్థిరనివాస మేర్పరచుకొన్నది. రోము చుట్టునుగల మైదానము శతాబ్దములపాటు పశువులకాపరులు శీతకాలమున దిగి వేసవిలో పారిపోవు బీడుగా నుండుటకు కారణ మిదియే. ఇంతటి నగరమునకు ఇంత చేరువలో విమానాశ్రయమునకు సరిపడు ఖాళీ నేల యెట్లు మిగిలెనని యాశ్చర్యపడువారికి నా సమాధానము: దోమ మిగిల్చినది.

ఇచ్చటనే మన ఊరును, ఈ ఊరును ఒకదానినొకటి తాకుచున్నవి. బేగంపేట పాత విమానాశ్రయమున కానుకొనియున్న చిన్న కట్టడమున, 1897 ఆగస్టు 20వ తేదీన, రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. కుట్టించుకొన్న దోమకొక యణా చొప్పున హుసేన్ ఖాన్‌నకు ముట్టినదట; ఆ యణాలకు చరిత్రలో దక్కవలసిన గౌరవము దక్కలేదని నా మనవి. మరుసటి యేడాది రోములో జొవాన్ని బత్తిస్తా గ్రాస్సి అను జంతుశాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి, మనుష్యులకు ఈ జ్వరమును మోసితెచ్చునది అనాఫిలిస్ జాతి దోమయే యని నిరూపించెను. ఘనత యెవరిదన్న విషయమున రాసునకును గ్రాస్సికిని జరిగిన కలహము ఇద్దరి గౌరవమునకును తగినది కాదు. 1902లో నోబెలు బహుమతి రాసునకే దక్కెను. గ్రాస్సి మాత్రము ఫ్యూమిచీనో జ్వరపీడితులనడుమ పనిచేసి, 1925లో మరణించినప్పుడు తన కోరిక మేరకు ఆ యూరి శ్మశానముననే సమాధి యయ్యెను. మన పాత విమానాశ్రయపు గోడప్రక్కన రాస్ ప్రయోగశాల, ఇచ్చటి కొత్త విమానాశ్రయపు ఊరిలో గ్రాస్సి సమాధి! అంతటితో ఆగలేదు: ఫ్యూమిచీనోలో మొదటిసారి విమానములను దిగనిచ్చినది 1960 ఆగస్టు 20వ తేదీ. యాదృచ్ఛికమే, అయినను హైదరాబాదు వాడెవడును ఆ తేదీని చూచి చూడనట్లు పోలేడు.

జ్వరమును వెడలగొట్టినవారిలో పండితులకంటె కూలీలే యెక్కువ. 1884 నవంబరులో రవెన్నానుండి వందలాది కూలీలు వచ్చి, ఫ్యూమిచీనో చేరువనున్న ఓస్తియా బురదలలో కాలువలు త్రవ్విరి. పలువురు జ్వరమునకే బలియైరి. మరింత దక్షిణమున నున్న పొంతినో మడుగులను ముస్సోలినీ ప్రభుత్వము 1930లలో ఆరబెట్టించినది. ఆ పొలములలో నేడు పంజాబు సిక్కులు ఎండనక వాననక కాయగూరలు కోయుచున్నారు. 1900లో చేసిన చట్టముచే ప్రభుత్వమే ఆ జ్వరమునకు మందైన క్వినైనును పొగాకు దుకాణములలో చౌకగా అమ్మించెను. ముదురు రంగు పలకపై తెల్లని 'టి' అక్షరముండు ఆ దుకాణములు ఇప్పటికిని ప్రతి వీథిలోను ఉన్నవి. బస్సు టికెట్లు కొనునది అచ్చటనే. ఐతే నగరపు బస్సు టికెట్టు విమానాశ్రయపు రైలునకు చెల్లదని మొదటే చెప్పుట మేలు.

రైలు టికెట్టు కొన్నంతమాత్రమున కథ ముగియదు. ప్లాట్‌ఫారము మొదట నిలిచిన చిన్న పెట్టె నోటిలో కాగితపు టికెట్టు అంచును దూర్చవలెను. అది గరగరలాడి తేదీయు వేళయు అచ్చువేసి వదలును. ఆ ముద్ర లేని టికెట్టు, లేని టికెట్టుతో సమానము. తనిఖీదారు చిరునవ్వుతోనే జుల్మానా వ్రాయును. చదువుకొనుటకు వచ్చిన మా మేనల్లుడు, "మామా, పైసలిచ్చి కొన్నం గదా, మల్ల గీ ముద్రేంది?" అని యడిగినప్పుడు నాయొద్ద సమాధానము లేకపోయెను. ఇప్పటికిని లేదు.

1960 సంగతి చెప్పుచుంటిని. ఆ యేట ఆగస్టు 25న రోములో ఒలింపిక్ క్రీడలు ఆరంభమగుచుండగా, దిగు విమానముల తాకిడికి రోము పాత విమానాశ్రయమైన చాంపీనో చాలదని, ఇంకను పూర్తికాని ఫ్యూమిచీనోను అయిదు రోజుల ముందుగా వాడుకలోనికి తెచ్చిరి. శాస్త్రోక్తమైన ప్రారంభోత్సవము 1961 జనవరి 15న జరిగెను; ఆ యేడాదియే దీని నిర్మాణమును గూర్చి పార్లమెంటు విచారణ సంఘము కూర్చుండవలసి వచ్చెను. ఇట్టి విషయములలో మనము ఇటలీవారిని వేలెత్తి చూపరాదు. ఉప్పల్‌నుండి నారపల్లికి 2018లో మొదలుపెట్టిన పైవంతెన స్తంభములు, మన పీర్జాదిగూడ నడివీథిలో ఏండ్ల తరబడి తలపై దూలము లేక నిలిచిన సంగతి నేనిచ్చట ఎవరికిని చెప్పలేదు.

విమానాశ్రయమునకు రైలు మరి ముప్పదేండ్లకు వచ్చినది. దాని నిమిత్తమైన అతిథి 1990 ప్రపంచ ఫుట్‌బాలు పోటీ. ఆ రైలు దిగువారికై ఓస్తియెన్సే స్టేషనునొద్ద హూలియో లఫుయెంతే అను శిల్పి గాజుకమానులతో నొక టెర్మినలు కట్టెను. అచ్చటనుండి మెట్రో యెక్కవలెనన్న పెట్టెలు మోసికొని సొరంగదారులవెంట నడువవలసి వచ్చుటచే జనము దానిని మెచ్చలేదు. పోటీలు ముగిసిన కొలదికాలమునకే అది పాడుపడి, 2012లో భోజనపదార్థములమ్ము మహా విపణిగా మారినది. ఇప్పుడచ్చట జున్నుగడ్డలు, ద్రాక్షాసవములు దొరకును.

ఇప్పుడు రైళ్ళు రెండు. లియొనార్దో ఎక్స్‌ప్రెస్ నడుమ నెచ్చటను ఆగక ముప్పదిరెండు నిమిషములలో తెర్మినీకి చేర్చును, 14 యూరోలు. ఎఫ్.ఎల్.1 అను పాసింజరు తెర్మినీకి పోనే పోదు, ప్రతి చిన్న స్టేషనులోను ఆగుచు, త్రాస్తెవెరె, ఓస్తియెన్సే, తుస్కొలానా, తిబుర్తీనాలమీదుగా ఉత్తరమునకు సాగును, 8 యూరోలు. తొందర లేనివారికి నేను రెండవదానినే సూచింతును, ధరకొరకు మాత్రమే కాదు. ఓస్తియెన్సే స్టేషను చరిత్ర విచిత్రమైనది. 1938 మే 3న హిట్లరు రోమునకు వచ్చునప్పుడు, అతనిని దింపుటకు తగిన వైభవముగల స్టేషను కావలయునని అచ్చటి చిన్న స్టేషనును ముందు తాత్కాలికపు హంగులతో సింగారించి, అసలు కట్టడమును 1940 నాటికి ముగించిరి. స్టేషను ముందరి వీథికి ఆ యతిథి పేరే పెట్టిరి. యుద్ధానంతరము ఆ పేరు చెరిపి, 1944 మార్చి 24న నాజీలు మూడువందల ముప్పదియైదుగురిని కాల్చిచంపిన ఆర్దెయాతినె గుహల పేరు పెట్టిరి.

అదే రైలు ముందుకు సాగి తిబుర్తీనా చేరును. 1943 అక్టోబరు 16న రోములోని యూదులను ఇండ్లనుండి ఈడ్చుకొనివచ్చి, 18వ తేదీన వెయ్యిమందికి పైగా ఆడువారిని, మగవారిని, బిడ్డలను సరకుల పెట్టెలలో కుక్కి ఆష్‌విట్జ్‌నకు పంపినది ఈ స్టేషనునుండియే. తిరిగివచ్చినవారు పదునారుగురు; అందు స్త్రీ యొక్కతెయే, సెత్తిమియా స్పిత్సికీనో. ఓస్తియెన్సే సమీపమున పట్టాలమీదుగా పోవు కొత్త వంతెనకు ఆమె పేరుంచిరి. స్వాగతమిచ్చిన స్టేషనుకును సాగనంపిన స్టేషనుకును నడుమ రైలులో కొద్ది నిమిషములు; చరిత్రలో అయిదున్నర యేండ్లు.

రెండవ విమానాశ్రయము చాంపీనోను గూర్చి చెప్పవలసినది తక్కువ. 1916లో తెరచినది, ఊరికి ఆగ్నేయమున సుమారు 12 కిలోమీటర్లు, ఇప్పుడు చౌక విమానముల నెలవు. 1926 ఏప్రిల్ 10న ఇటలీ యింజనీరు నోబిలె నిర్మించిన 'నోర్జె' అను వాయునౌక ఇచ్చటనుండియే బయలుదేరి, ధ్రువాన్వేషకుడైన అముండ్సెన్‌ను ఎక్కించుకొని, మే 12న ఉత్తరధ్రువముమీదుగా సాగినది. రైలుపట్టాలు ఈ విమానాశ్రయపు గడపదాక రావు. బస్సులో చాంపీనో ఊరి స్టేషనుకో, అనాగ్నీనా మెట్రోకో పోవలెను. ఊరి స్టేషనునుండి రైలెక్కినవారికి క్లాడియస్ ముగించిన నీటికాలువ కమానులు పొలములలో బారులు తీరి కనబడును. పడమటి దారిలో రేవు, తూర్పు దారిలో నీరు, ఎటు వచ్చినను ఆయన ఎదురుపడును.

ఇక టాక్సీ. రెండు విమానాశ్రయములనుండియు నగరములోనికి నగరపాలకులు విడివిడిగా నిర్ణయించిన స్థిరమైన ధర యున్నది, మీటరుతో పనిలేదు. అయితే నగరమనగా ఎంతవరకు? ఆరీలియన్ గోడ లోపలివరకు. ఉత్తరమునుండి జర్మనిక్ తెగలు ఇటలీలోనికి చొరబడగా హడలిపోయిన ఆరీలియన్ చక్రవర్తి క్రీ.శ. 271లో మొదలుపెట్టించిన 19 కిలోమీటర్ల గోడ యిది. రోములో అతిథి రాకూడదని కట్టిన కట్టడ మిది యని నేనందును. 1870 సెప్టెంబరు 20న ఇటలీ సైన్యము పోర్తా పీయా చెంత ఈ గోడనే ఫిరంగులతో బద్దలుకొట్టి లోన ప్రవేశించి, పోపుగారి రాజ్యమును ముగించి, మరుసటి యేడు రోమును రాజధానిగా చేసికొన్నది. ఇప్పుడా గోడ టాక్సీ ధరకు ఎల్లగా పనిచేయుచున్నది. టాక్సీవాడు దానిని ఏ సైనికుడును కాపాడనంత నిష్ఠతో కాపాడును. బంగ్లాదేశీయులు, మనవారు, చీనావారు చేరిన తూర్పు పేటలలో పెక్కు గోడకు వెలుపలివే. నేనుండునదియు అచ్చటనే గనుక, నా యింటికి వచ్చు చుట్టములకు ఆ ధర వర్తింపదు, మీటరు తిరుగును. అందుచేత వారిని ఎఫ్.ఎల్.1లో తుస్కొలానా వరకు రమ్మందును.