తండ్రి చూడని పద్దు — గాజుతొట్టిలో చేపల చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు, పింఛను నియమాల మీద వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు గనుక, నేను చేపల తొట్టి గురించి వ్రాస్తానన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఖజానా శాఖలో ముప్పైమూడేళ్ళు జమాఖర్చులు సరిచూసినవాడికి చేపలతో ఏం పని అని మీరూ అనుకోవచ్చు. తీరా చూస్తే ఇదీ జమాఖర్చుల కథే.

పదవీ విరమణ చేసిన ఏడాది వేసవి సెలవులకు మా మనుమడు వచ్చాడు. వాడు సరదా పడ్డాడని రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజుతొట్టి కొన్నాను. సుమారు 55 లీటర్ల నీరు పడుతుంది. ఆ సాయంత్రమే నీళ్ళు పోసి నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, నాలుగు నల్ల మోలీలు, రెండు ఏంజెల్ చేపలు వదిలాము. మూడోనాటికి చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి ఆయాసపడసాగాయి. దుకాణదారును అడిగితే, "నీళ్ళన్నీ పారబోసి తొట్టి, ఇసుక, ఫిల్టరు శుభ్రంగా కడగండి" అన్నాడు. కడిగాను. వారం తిరిగేసరికి పదింటిలో ఒక్క మోలీ మిగిలింది. మళ్ళీ కొన్నాను, అవీ పోయాయి. "తాతయ్యా, మనమేం తప్పు చేశాం?" అని వాడు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. మా ఆవిడ మాత్రం, "ఎందుకండీ మూగజీవాల ఉసురు పోసుకోవడం, ఆ తొట్టిలో ఏ తులసిమొక్కో పెట్టుకుందాం" అన్నది. ఆ జవాబు వెతుకుతూనే నేను గ్రంథాలయంలో ఈ చరిత్రలోకి దిగాను.

చేపలను ముచ్చటకు పెంచడం పాత అలవాటే. చైనావారు సోంగ్ వంశపు రాజుల కాలంలో, అంటే వెయ్యేళ్ళ క్రితమే, బంగారు రంగు చేపలను చెరువుల్లో ఏరి పెంచారు. తరువాత పింగాణీ తొట్టెలలోకి తెచ్చారు. మన తెలుగు నేలలో కొంత భాగాన్ని కూడా ఏలిన కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు (1126–1138) తన 'మానసోల్లాస' గ్రంథంలో మత్స్యవినోదానికి చోటిచ్చి, ఏ చేపకు ఏ మేత వేయాలో వివరించాడు. అయితే ఆయన వినోదం చివరికి గాలంతోనే ముగుస్తుందనుకోండి.

చేపను ప్రక్కనుంచి, గాజులోంచి చూడడం మాత్రం కొత్త సంగతి. దానికి మొదటి గౌరవం ఝాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి వనితకు దక్కాలి. చెప్పులు కుట్టేవాని కూతురు, పారిస్‌లో బట్టలు కుట్టి పేరు తెచ్చుకున్నది. పెళ్ళయి సిసిలీ ద్వీపంలో మెస్సీనా చేరాక, 1832లో ఆర్గొనాట్ అనే సముద్రజీవిని పరిశీలించడానికి గాజుతొట్టెలు చేయించింది. అది తన గుల్లను వేరొకరి నుంచి దొంగిలిస్తుందని పండితులు వాదిస్తున్న రోజులవి. తానే కట్టుకుంటుందని ఆమె తొట్టిలో చూసి ఋజువు చేసింది.

ఇక నా జవాబు దొరికిన చోటుకు వస్తాను. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1849లో పన్నెండు, పదమూడు గాలన్ల గాజుపాత్రలో నీళ్ళు పోసి, అడుగున ఇసుక, గులకరాళ్ళు పరచి, వాలిస్నేరియా అనే నాచుమొక్క నాటి, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. మొక్క విడిచే ప్రాణవాయువు చేపకు, చేప విడిచే బొగ్గుపులుసు వాయువు మొక్కకు అన్నది ఆయన లెక్క. కొన్నాళ్ళకు మొక్క ఆకులు కుళ్ళి నీళ్ళు చెడసాగాయి. అప్పుడు ఆయన చెరువు నత్తలను వేశాడు. అవి కుళ్ళిన ఆకులను తిని గాజును శుభ్రం చేశాయి, వాటి గుడ్లు చేపలకు ఆహారమయ్యాయి. నీళ్ళు మార్చకుండానే నెలల తరబడి చేపలు బ్రతికాయి. ఈ ఫలితాన్ని 1850లో కెమికల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. ట్రయల్ బ్యాలెన్సు సరిపోయినంత ముచ్చటైన లెక్క!

ఆ తరువాత లండన్ జంతుప్రదర్శనశాలలో 1853లో చేపల గృహం తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గోస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం వ్రాసి ఆ పేరును వాడుకలోకి తెచ్చాడు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం పశువులు నీళ్ళు త్రాగే చోటు, అంటే మన కుడితి తొట్టికి దగ్గరి చుట్టమే. గాజు మీద పన్నును 1845లోనే ఎత్తివేయడంతో గాజు చవకయింది. మధ్యతరగతి ఇళ్ళలో తొట్టెలు వెలిశాయి. పుస్తకం చదివి సముద్రతీరానికి పోయినవారు రాళ్ళ మడుగులను ఊడ్చేశారని గోస్ కుమారుడు ఎడ్మండ్ తరువాత విచారంతో వ్రాశాడు.

కాని వారింగ్టన్ లెక్కలో ఒక పద్దు లేదు. చేప విసర్జించే అమ్మోనియా ఎక్కడికి పోతున్నది? అది కొద్దిపాటి ఉన్నా చేప మొప్పలు కాలినట్లవుతాయి. ఆ పద్దు పట్టుకున్నవారిలో ఒకడు వారింగ్టన్ కన్నకొడుకే కావడం నాకు అద్భుతంగా తోచింది! అతని పేరూ రాబర్టే. తండ్రి ఆ ప్రయోగం చేస్తున్న నాటికి అతనికి పదకొండేళ్ళు, మా మనుమడి వయస్సు. నేలలో అమ్మోనియా నైట్రేటుగా మారడం సూక్ష్మజీవుల పని అని 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, ముంట్జ్ చూపించారు. చిన్న వారింగ్టన్ రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఏళ్ళ తరబడి పనిచేసి, ఈ మార్పు రెండు మెట్లలో, వేరువేరు జీవుల వలన జరుగుతుందని తేల్చాడు. మొదట అమ్మోనియా నైట్రైట్ అవుతుంది, తరువాత నైట్రేట్. ఆ సూక్ష్మజీవులను 1890లో వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపాడు. కొడుకు వెతికింది పొలాల ఎరువు కోసం. తండ్రి తొట్టిలో ఇసుక మీద, గాజు మీద, ఆకుల మీద చేరి పనిచేసినవీ అటువంటి జీవులే. ఈ సంగతి చేపలు పెంచేవారి పుస్తకాలకు ఎక్కడానికి మాత్రం చాలా దశాబ్దాలు పట్టింది.

నేను చేసిన తప్పు అప్పుడు బోధపడింది. కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు ఉండవు. నాలుగు నుంచి ఆరు వారాలు పడితే గాని చాలినన్ని పెరగవు. ఒకేనాడు పది చేపలు వేశాను, పైగా అప్పుడప్పుడే చేరుతున్నవాటిని కొళాయి నీళ్ళతో, అందులోని క్లోరిన్‌తో కడిగేశాను.

రెండవసారి మొదలుపెట్టినప్పుడు ఇలా చేశాను. నీళ్ళు, రాళ్ళు, గాజు కలిసి డెబ్బై కిలోల దాకా తూగుతాయి గనుక గట్టి ఇనుప స్టాండు చేయించాను. ఎండ నేరుగా పడితే నాచు పడుతుంది కనుక కిటికీకి దూరంగా పెట్టాను. కొళాయి నీటిని ఒకరోజు బకెట్లలో నిలవ ఉంచి పోశాను. కొన్ని ఊళ్ళలో కలిపే క్లోరమీన్ నిలవ ఉంచితే పోదు, దానికి దుకాణంలో మందు దొరుకుతుంది. మొక్కలు నాటి, తెలిసినవారి పాత తొట్టి ఫిల్టరులోని స్పాంజి ముక్క అడిగి తెచ్చి నా ఫిల్టరులో వేశాను. పెరుగుకు తోడు వేసినట్లన్నమాట. మొదట మూడే చేపలు, మూడు వారాల తరువాత మరి మూడు.

గోల్డ్‌ఫిష్ జోలికి పోలేదు. అది జానెడు దాటి పెరిగే చేప, మలినం ఎక్కువ. గుండ్రటి గాజుగిన్నెలో పెడితే అది దానికి చెరసాలే. జీబ్రా డానియోలు తెచ్చాను. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో వర్ణించిన మన దేశపు చేప అది. అంతకు ముందే ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్టణంలో సేకరించిన రెండువందల చేపల బొమ్మలతో 1803లో గ్రంథం వెలువరించి, స్థానికంగా పిలిచే పేర్లను కూడా అందులో ఎక్కించాడు. తెలుగు తీరం ఆ విధంగా మత్స్యశాస్త్రంలోకి ప్రవేశించింది. డానియోల తరువాత గప్పీలు చేరాయి. 1866లో ట్రినిడాడ్ నుంచి లండన్ మ్యూజియానికి వీటిని పంపిన గప్పీ గారి పేరు నిలిచింది గాని, అంతకు ఏడేళ్ళ ముందే పీటర్స్ అనే జర్మన్ పండితుడు దీనిని వర్ణించాడు. పాపం, సీనియారిటీ ఆయనది, ప్రమోషను ఈయనకు! మన పురపాలక సంఘాలు దోమపిల్లలను తినిపించడానికి నీటిగుంటల్లో వదిలే చేపల్లో ఇదీ ఒకటి.

వారానికి ఒకసారి పావువంతు నీరు గొట్టంతో తీసి కొత్తనీరు పోస్తాను. ఫిల్టరు స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే పిండుతాను, కొళాయి క్రింద పెట్టను. మిగిలిన ఆ నీళ్ళు మా ఆవిడ తులసికోటకు పోస్తున్నది. మోకాళ్ళ నొప్పులున్నవారు బకెట్ ఎత్తకుండా మగ్గుతో పోసుకోవచ్చు. మేత రెండు నిమిషాల్లో తినేటంతే వేయాలి. మేత డబ్బా పెద్దవారి చేతిలోనే ఉండాలి, పిల్లలకు జాలి ఎక్కువ.

మొదటి విడతలో మిగిలిన ఆ ఒక్క మోలీ ఈ కొత్త తొట్టిలో రెండున్నర ఏళ్ళు బ్రతికింది. గప్పీలు పిల్లలు పెట్టి పెట్టి ఇప్పుడు ఇరవై దాటాయి. తొట్టికి బరువవుతున్నాయి. సంఘ సభ్యులలో ఎవరికైనా కావాలంటే మూత ఉన్న సీసా తెచ్చుకోండి, స్పాంజి ముక్కతో సహా ఇస్తాను. తొట్టి మాత్రం ముందే సిద్ధం చేసుకుని రండి.