ఆన్‌లైన్ విద్వేష వ్యాఖ్యలు – చట్టం (ఆంధ్రప్రదేశ్)

భారతీయ చట్టాల్లో విద్వేష వ్యాఖ్యకు విడిగా నిర్వచనం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 196, 299 సెక్షన్లు మతం, కులం, భాషల పేరిట వైరం రేపడాన్ని, మత విశ్వాసాలను దురుద్దేశంతో అవమానించడాన్ని శిక్షిస్తాయి. ఎలక్ట్రానిక్ మాధ్యమాన్నీ పేర్కొన్నాయి.

అంతకుముందు పోలీసులకు చేతికందిన ఆయుధం ఐటీ చట్టం 66ఎ సెక్షన్. చిరాకు పుట్టించే సందేశానికీ మూడేళ్ల జైలు! 2013 మేలో చీరాల శాసనసభ్యుణ్ని, అప్పటి తమిళనాడు గవర్నర్ రోశయ్యను విమర్శించిన ఫేస్‌బుక్ పోస్టుకు ఒక పౌర హక్కుల నాయకురాలిని అరెస్టు చేశారు. అందులో విద్వేషం కన్నా నాయకులు నొచ్చుకోవడమే ఎక్కువని చెప్పాలి. ఉన్నతాధికారి అనుమతి లేకుండా ఇలాంటి అరెస్టులు వద్దని ఆ నెలలోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్‌నే కొట్టేసింది. చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం వేరువేరని, మూడోదాన్నే అడ్డుకోవచ్చని ఆ తీర్పు సారం. కోర్టు ఉత్తర్వు లేదా ప్రభుత్వ ప్రకటన వస్తేనే ఆన్‌లైన్ వేదికలు పోస్టు తీసేయాలనీ తేల్చింది.

2020లో న్యాయమూర్తులపై దూషణ పోస్టుల దర్యాప్తును రాష్ట్ర హైకోర్టు సీబీఐకి అప్పగించింది.

రద్దయ్యాక కూడా 66ఎ కింద కేసులు ఆగలేదు. ఎవరినీ ఆ సెక్షన్ కింద విచారించరాదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించింది.