తోలుబొమ్మయు దీపపు తొడుగును
ధర్మవరము మండలమందలి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాటగాండ్ర కుటుంబములు నేడు మేకతోలుతో ఇంటి దీపములకు తొడుగులు చేయుచున్నవి. సినిమా వచ్చి ఆటకు ఆదరణ తగ్గుటయే ఇందులకు ముఖ్యహేతువు. పని మారలేదు. తోలును నానబెట్టి, గీకి, ఎండబెట్టి, బొమ్మ గీసి, ఉలితో రంధ్రములు పొడిచి రంగులద్దుదురు. తెర వెనుకటి దీపమే తొడుగులోనికి వచ్చినది. దీనిని కళాపతన మనువారితో మేము ఏకీభవింపము. 2020లో పద్మశ్రీ నందిన దళవాయి చలపతిరావు ఈ యూరివారే. కాని తొడుగుపైని రామునకు కీళ్లుండవు. చేతులు వేరుగా కోసి దారముతో కూర్చు నేర్పునకు అక్కడ పనిలేదు. వానిని ఆడించుచు పాడు రంగనాథరామాయణపు ద్విపదలకును పనిలేదు. ఆటగాండ్ర నోట ఆ ద్విపద ఎట్లు మారినదో, పాడగల పెద్దలుండగనే పరిశోధక విద్యార్థులు వ్రాసికొనవలసియున్నది.