వంటనూనెలు – వాటి వేడిమి

ఉద్యోగార్థము బెంగుళూరు చేరిన తెలుగువారికి అంగడిలో మొట్టమొదట వినవచ్చు మాటలలో 'ఎణ్ణె' యొకటి. కన్నడమున ఎళ్ళు అనగా నువ్వులు. వాని నేయియే ఎణ్ణె. మన 'నూనె'యు అట్టిదే. నువ్వు, నేయి అను రెండు మాటల కలయిక. సంస్కృతమునందు తిలలనుండి పుట్టినదే తైలము. దీనినిబట్టి పూర్వులకు నూనె యన్న నువ్వులనూనెయే యని తెలియుచున్నది. దానికే 'మంచినూనె' యను పేరును కలదు.

1537లో కెంపేగౌడ నిర్మించిన ఈ పట్టణపు పాతపేటలలో గాణిగరపేట యొకటి. గాణిగరనగా గానుగవారు, మన గాండ్లవారి వృత్తియే వారిదియు. ఎద్దు మెల్లగా తిరుగు గానుగలో నూనె అధికముగా వేడెక్కదు. గింజ వాసనయు, రుచియు నిలుచును. అట్టి నూనెలో వేపుడు క్రొత్తది కాదు. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్య ప్రభువగు సోమేశ్వరుడు రచించిన 'మానసోల్లాసము'న వడలు మొదలగు పిండివంటలు వర్ణింపబడినవి.

దక్షిణ అమెరికానుండి వచ్చిన వేరుశనగ 19వ శతాబ్దమునుండి మదరాసు రాజధానిలో వ్యాపించి, రాయలసీమ మెట్టభూములకు ప్రధానమైన పంట యయ్యెను. దాని నూనె మన బాణలిలో నువ్వులనూనె స్థానమును చాలవరకు ఆక్రమించెను.

ఇంతలో మూడవది వచ్చెను. 1902లో జర్మనుడగు నార్మన్ నూనెను ఉదజనితో గట్టిపరచు విధానమునకు హక్కుపత్రము పొందెను. 1937లో మనదేశమున డాల్డా అమ్మకమునకు వచ్చెను. చూపునకు నేతివలె నుండుటచే దానిని నేతిలో కల్తీచేయువారు బయలుదేరిరి. ఆ కల్తీని పట్టుటకై వనస్పతిలో నూటికి 5 పాళ్ళు నువ్వులనూనె కలుపవలెనని శాసించిరి. పరీక్షలో నువ్వులనూనె ఎఱ్ఱని రంగు చూపును. ప్రాచీనమైన మంచినూనెయే సాక్షి యగుట విశేషము. వనస్పతిలో పుట్టు ట్రాన్స్ కొవ్వులు గుండెకు హానికరములని పిమ్మట తేలినది. 2022 జనవరినుండి వాటి పరిమితి నూటికి 2 పాళ్ళు.

ఇక వేడిమి సంగతి. వెన్నలో సుమారు నూటికి 16 పాళ్ళు నీరును, కొంత పాలపదార్థమును ఉండును. ఆ పాలపదార్థము త్వరలో మాడును. వెన్న కాచి వడగట్టిన నేయి సుమారు 250 డిగ్రీల వరకు పొగరాక నిలుచును. శుద్ధిచేసిన వేరుశనగనూనె సుమారు 230 డిగ్రీలు సహించును. గానుగనూనెలు అంతకంటె తక్కువ వేడికే పొగలు గ్రక్కును. వేపుడునకు 170 మొదలు 190 డిగ్రీలు చాలును.

ఇట్లయినను అధికమగు వేడిని సహించు నేతిని మనము వేడియన్నముపై వడ్డించుకొందుము. దీనికి కారణము శాస్త్రము కాదు, వెల. కాని ఊరగాయకు నువ్వులనూనె వాడుటలో శాస్త్రమును కలదు: అందలి సహజద్రవ్యములు అది త్వరగా కారుకొట్టనీయవు.

నా బాల్యమున గారెలు వేచిన నూనెను మా తల్లి వడగట్టి తిరుగమోతకే వాడెడిది. మరల బాణలిలో కాగనిచ్చెడిది కాదు. గుమాస్తా జీతమున సంసారము నడుపునప్పుడు పొదుపని నేనా నియమమును విడిచితిని. మాటిమాటికి కాచిన నూనె విరిగి, ముందటికంటె తక్కువ వేడికే పొగచిమ్మును. 2018లో ప్రభుత్వమే అట్టి నూనెకు హద్దు నిర్ణయించినది: అందలి విరిగిన పదార్థములు నూటికి 25 పాళ్ళు మించరాదు. చదువుకొన్న కుమారుడు మరచినదానిని చదువురాని తల్లి ఎరిగియుండెను. మన యువతులును, యువకులును నూనె కొనునప్పుడు వెలతోపాటు వంటకు కావలసిన వేడిని కూడ తలచుదురుగాక!